ఒట్టి మనిషి

నవంబరు చివర్లో కొండ వెనక్కి వెళ్ళిన సూర్యుడు
జనవరి ఆఖరుకి గానీ మా వీధిలోకి రాడు.
అది అందరికీ తెలిసిందే. ఎవరూ దిగులుపడరు.
కాఫీ ఇంకాస్త చిక్కగా పెట్టుకుంటారు.

నాకిప్పుడు ఆరో నెల.
చేపల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు
"హాల్‌బేరా, ఒట్టి మనిషివి కాదు, ఆ డబ్బాలెత్తకు" అంటారు.
చేతిలోంచి లాక్కుంటారు కూడా.
నేను నవ్వుతాను.
నవ్వడం నాకిప్పుడు
రబ్బరు తొడుగులు తొడుక్కోవడం లాంటిది.
షిఫ్టు అవగానే తీసి కొక్కేనికి తగిలిస్తాను.

ఒట్టి మనిషిని కాదట.
మరి పొద్దున సాక్సు చేత్తో పట్టుకుని
మంచం అంచున నలభై నిమిషాలు కూర్చున్నదెవరు?
ఒక్క సాక్సు.
రెండోది వెతకాలని కూడా తోచలేదు.
ఆర్నోర్ సముద్రం మీదున్నాడు, అదే నయం.
ఫోనులో "తంతోందా?" అంటాడు.
"తంతోంది" అంటాను.
తన్నినప్పుడు నాకేమీ అనిపించడం లేదని
ఏ నోటితో చెప్పను?
పక్కింటి తలుపు ఎవరో కొట్టినట్టుంటుంది.
అంతే.

మా భాషలో మంత్రసానిని
వెలుగుతల్లి అంటాం.
మా వెలుగుతల్లి స్టెయిన్‌వోర్‌కి ఎప్పుడూ జలుబే.
ఆమె కారులో హీటరు పాడై మూడు వారాలైంది.
రక్తపోటు చూసి, పొట్ట కొలిచి,
టేపు చుడుతూ చుడుతూ అడిగింది:
"నిద్ర పడుతోందా?"
పడుతోందనబోయాను.
ఏడుపొచ్చింది. అదీ పూర్తిగా రాలేదు,
గడ్డకట్టిన కొళాయిలా
దగ్గి, ఒక్క చుక్క వదిలి ఆగిపోయింది.

"సంతోషంగా ఉండాలమ్మా" అనలేదావిడ.
అందుకు రుణపడి ఉన్నాను.
డాక్టరుకి చీటీ రాసింది.
మాట్లాడ్డానికి ఒక మనిషిని చూసిపెట్టింది.
ఆఖర్న, తలుపు దగ్గర, ముక్కు తుడుచుకుంటూ
"మంగళ, గురువారాలు ఈతకొలనుకి రా" అంది.
"ఈదక్కర్లేదు. నీళ్ళలో నిలబడు చాలు."

మంగళవారం వెళ్ళలేదు.
గురువారం వెళ్ళి, బూట్లు విప్పి,
మళ్ళీ తొడుక్కుని వచ్చేశాను.
ఆపై మంగళవారం మంచుతుఫాను,
దానికి మాత్రం నా పూచీ లేదు.

నాలుగోసారి షవర్ల దాకా వెళ్ళాను.
మా దగ్గర దాపరికం ఉండదు,
బట్టలన్నీ విప్పి సబ్బు రుద్దుకున్నాకే కొలను.
స్వావా పొట్ట గాలి నిండిన తెరచాప,
ఊన్నుర్‌ది ఎడమకి ఒరిగింది,
నాది ఎక్కడ జారిపోతుందో అన్నట్టు పట్టుకుని నేను.
ఎనభై దాటిన గూద్‌ఫిన్నా
వీపు అందక, "ఇదిగో పిల్లా" అని
బ్రష్షు నా చేతిలో పెట్టింది.
తోమాను.
మచ్చలూ, ముడతలూ, పాత కుట్ల గీతా, అన్నీ తోమాను.
ఎన్నాళ్ళకో ఒకరు నాకు
జాగ్రత్త చెప్పకుండా పని చెప్పారు.

దిగాను. మెడ దాకా గోరువెచ్చన.
గట్టు మీంచి స్టెయిన్‌వోర్ బొంగురు గొంతుతో
మోకాలు పైకి, ఒకటి,
మడమ కిందికి, రెండు,
ఏడు దగ్గర తుమ్మి
మళ్ళీ నాలుగు నుంచి మొదలెట్టింది.
ఎవరూ దిద్దలేదు.
పదకొండో, పన్నెండో,
నీళ్ళు నా చేతిలోంచి డబ్బా అందుకున్నాయి.
లాక్కోలేదు. అందుకున్నాయి.
చేతులు నాకే మిగిలాయి.

బిడ్డ తన్నింది.
పక్కింటి తలుపే.
కాకపోతే ఈసారి
ఎవరా అని తల తిప్పాను.

బయటికొస్తే తడి జుట్టు కొసలు బిగిసిపోయాయి.
ఒకటి విరిస్తే టిక్కుమంది.
ఆకలేసింది. రొట్టె, ఎండుచేప, వెన్న,
నిలబడే తిన్నాను, వంటింట్లో దీపం వెయ్యకుండా.

నయమైపోయిందని చెప్పను.
మర్నాడు పగలంతా ముసుగుతన్ని పడుకున్నాను.
మాత్ర వేసుకుంటున్నాను,
బుధవారాలు ఆ మనిషితో మాట్లాడుతున్నాను,
కొన్ని బుధవారాలు గోడ గడియారంతో.
సూర్యుడింకా కొండ వెనకే.

ఒట్టి మనిషినో కాదో నాకింకా తెలీదు.
ఈ పొద్దున మాత్రం
సాక్సు పట్టుకుని కూర్చున్నది ఇరవై అయిదు నిమిషాలే.
లెక్క చూసింది నేనే.